వాన కోసం వాల్చిన బండ

మా ఊరి బస్ షెల్టరు వెనుక, గోడకు ఆనుకొని, ఒక పొడవాటి బండ అరుగు ఉంది. దాని మీద కూర్చున్నవారు కాళ్లు నేలకు తన్నిపెట్టుకొంటే తప్ప ముందుకు జారిపోతారు. కొత్తగా వచ్చినవారు అది మేస్త్రి చేతగానితనమనుకొని నవ్వుతారు. మేస్త్రి చేతగానివాడు కాడు. రసమట్టం పెట్టి, వేళ్లతో కొలిచి, తనకు చెప్పినంత వాలు చెప్పినట్లే ఇచ్చిన పనిమంతుడు. ఆ వాలు చెప్పినవాణ్ణి నేను. ఎందుకు చెప్పానో ఊరిలో ఒకే ఒక్క మనిషి నన్ను అడిగింది. ఆమెకు ఒక్క మాటలో ఇచ్చిన జవాబును ఇక్కడ కొంత విస్తరించి వ్రాస్తున్నాను.

ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి, తొంభైల చివరలో విశ్రాంతి పొందినవాణ్ణి నేను. మా నాయన మెట్టసేద్యగాడు. ముగ్గురు కొడుకులలో ఒక్కడైనా ఆకాశం వైపు చూడకుండా బ్రతకాలని నన్ను సంస్కృత పాఠశాలకు పంపించాడు. అక్కడ వ్యాకరణాన్నీ ఛందస్సునూ అలంకారశాస్త్రాన్నీ శ్రద్ధగా అభ్యసించాను. పద్యాన్ని రాగయుక్తంగా చదివి, అన్వయం చెప్పి, తాత్పర్యం విప్పి, ఆ మీదట విశేషాలు వివరించే పద్ధతి నాకు పట్టుబడింది. ఉద్యోగంలో ఉండగానే ఏటా వేసవి సాయంకాలాలలో మా ఇంటి అరుగు మీద పురాణం చెప్పడం అలవాటు చేసుకొన్నాను. తొలి ఏళ్లలో అరుగు చాలక జనం వీధిలో చాపలు పరచుకొనేవారు. ఇంటింటికీ టీవీ వచ్చిన తరువాత చెవుడు వచ్చిన ఇద్దరు వృద్ధులు మాత్రమే మిగిలారు. వారిలో ఒకాయన ప్రతి పద్యానికీ తల ఊపేవారు. పద్యం ముగిసిన తరువాత కూడా ఊపుతూనే ఉండేవారు.

అయినా నేను దిగులుపడలేదు. నాకొక నమ్మకమైన శ్రోత ఉన్నదని నా ధీమా. ఆమె నా భార్య. పురాణం వేళకు ఆమె వంటింటి పనిలో ఉండేది. బయటికి వచ్చి కూర్చోరాదా అంటే, "ఈడికి ఇనపడతానే ఉండాది లేండి అయ్యోరా" అనేది. పెండ్లయిన మొదటి ఏటినుండి ఊరివారందరిలాగే ఆమె కూడా నన్ను అయ్యోరనే పిలిచేది. మొదట్లో అది పరిహాసం, తరువాత అలవాటు. నలభై ఏళ్లుగా నా పద్యాలన్నీ ఆ వంటింటి గోడలకూ ఆమె చెవులకూ వినిపిస్తూనే ఉన్నాయని నేను తృప్తిపడేవాణ్ణి. ఆమె ఒక్కనాడైనా ఒక సందేహం అడగలేదు. అడగవలసిన అవసరం లేనంత స్పష్టంగా చెబుతున్నానని అనుకొన్నాను.

ఇక షెల్టరు సంగతి. అది కరువు పనుల్లో కట్టింది. రాతి గోడలు, రేకుల కప్పు, లోపల బస్సు కోసం వేచి ఉండేవారికి ఒక బెంచీ. ముఖం పడమర. మధ్యాహ్నం దాటితే ఎండ తిన్నగా లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చొనేది. బస్సు కోసం వచ్చినవారు ఎదురుగా టీ అంగడి పంచలో నిలబడేవారే గాని, అందులోకి పోయేవారు కారు. పని ముగిసినప్పుడు మేస్త్రి దగ్గర కొన్ని తాడిపత్రి బండలు మిగిలాయి. వాటిని అతడు ఎవరూ చెప్పకుండానే వెనుక గోడకు ఆనించి అరుగుగా పరిచాడు. తూర్పు ముఖమైన ఆ వెనుక భాగం మధ్యాహ్నం మొదలు చీకటి పడేదాకా గోడ నీడలో చల్లగా ఉండేది. ఊరికి కావలసినది ఏమిటో ప్లాను గీసినవారికంటె మిగిలిన బండలు చేతిలో ఉన్నవాడికి బాగా తెలిసింది.

ఆ అరుగును మొదట పట్టుకొన్నవారు విత్తనం ఒలిచే ఆడవారు. మా ప్రాంతంలో తొలకరికి ముందు వేరుశనగ విత్తనాన్ని చేత్తోనే ఒలుస్తారు. మరలో వేస్తే పప్పు పొర చిట్లి మొలక రాదు. చేటలో కాయలు పోసుకొని, ఒక్కొక్క కాయనే బొటనవేలితో నొక్కి ఒలవాలి. నాలుగిండ్లవారు ఒకచోట చేరితే తప్ప తెమలని పని అది. ఆ పని జరిగేచోట ఒక కట్టుబాటు ఉంది. వాన రాదన్న మాట అక్కడ ఎవరూ పలకరాదు. పోయినేడు పంట ఎండిందనవచ్చు, అంతకు ముందటేడు కూడా ఎండిందనవచ్చు. ఈ ఏటి వాన గురించి మాత్రం వచ్చినప్పుడు అనాలే తప్ప వస్తే అనరాదు. వరుసగా కరువులు పడిన ఆ ఏళ్లలో కూడా ఈ కట్టుబాటు సడలలేదు. ఇంకా గట్టిపడింది.

ఆ ఒలిచేవారి మధ్యకు ఒక అవ్వ చేరింది. ముదిగుబ్బ దిక్కున గొర్రెలు మేపి బ్రతికిన మనిషి. కరువులో మంద కరిగిపోయిన తరువాత మా ఊరిలో ఉన్న కూతురింటికి వచ్చింది. అక్షరం ముక్క రాదు. కాని వేలు కాయను నొక్కడం మొదలుపెడితే నోరు కథ మొదలుపెట్టేది. కొద్ది దినాలకే ఆమె చెప్పే కథల కోసం ఒలవడానికి కాయలు లేనివారు కూడా పక్కింటి కాయలు అడిగి తెచ్చుకొంటున్నారని తెలిసింది.

నా భార్యకు మోకాళ్ల నొప్పి. నేల మీద కూర్చుంటే లేవలేదు. అరుగు ఎత్తు ఆమెకు సరిగ్గా సరిపోయింది. ఒకనాడు భోజనాలైన తరువాత చేట చంకన పెట్టుకొని, "ఇంట్లో ఉక్కపోస్తాండాది. ఆ షెల్టరు ఎనకాల ఒలుచుకోని వస్తా" అని బయలుదేరింది. మంచిదే అన్నాను. మరునాడు కూడా వెళ్లింది. నాలుగోనాడు నా కంచంలో అన్నం వడ్డిస్తూ తనలో తాను నవ్వుకొంది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"ఏమీ ల్యా."

"నాతో చెప్పరాదా?"

"చెప్పినా మీకు నవ్వు రాదులేండి. చారు వడ్డిచ్చేదా?"

ఆ మాట నాకు ముల్లులా దిగింది. నలభై ఏళ్లలో నా పురాణం విని ఆమె నవ్విన జ్ఞాపకం నాకు లేదు. హాస్యరసం ఉన్న ఘట్టాలు నేను చెప్పకపోలేదు. ఇది హాస్యమని ముందుగా హెచ్చరించి మరీ చెప్పాను.

మరునాడు నేను దినపత్రిక చేతబట్టుకొని షెల్టరు ముందుభాగంలో, ఎవరూ కూర్చోని ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఎండ ముఖాన కొడుతున్నది. గోడకు పైభాగాన గాలి కోసం వదిలిన కంతలున్నాయి. అవతలి మాటలు ఇవతలికి పూసగ్రుచ్చినట్లు వినబడుతున్నాయి. కదిరి బస్సు వచ్చి ఆగింది. నేను పత్రిక అడ్డం పెట్టుకొన్నాను. రెండోనాడూ అంతే. మూడోనాడు కండక్టరు తలుపు పట్టుకొని వంగి చూశాడు.

"ఏం అయ్యోరా, ఎక్కరా?"

"లేదప్పా, పోనీ."

"మూడు దినాల్నుంచి పోనీ అంటానే ఉండారు. యా ఊరికి పోవల్లనో తెలిస్తే గదా ఎక్కేది! రేపు బోర్డు లేకుండా వస్తాలే, మీకు అనుకూలంగా ఉంటాది."

బస్సులోని వారందరూ నవ్వారు. నేను వినలేదు. నా చెవులు గోడ అవతల ఉన్నాయి. అవ్వ చెబుతున్నది.

"ఆ రాజు ఏం రాజమ్మా! ఏడు కోటలు కట్టినాడు. కోటకొగ ఏనుగు, ఏనుగుకొగ మావటోడు. బాయి మాత్రం ఒగటీ తవ్వల్యా. పొద్దున్నే లేసి మొకం కడుక్కోను నీళ్లు తెమ్మంటే ఆ రాణి యాడికి పోతాది? కడవెత్తుకోని బయల్దేరింది. నెత్తిన కిరీటముండాదే, కడవ యాడ నిలుస్తాది? కిరీటం తిరగేసి సుట్టకుదురు మాదిరి పెట్టుకోని, దాని మీద కడవ పెట్టుకోని పాయ!"

అవతల నవ్వులు. వాటి మధ్య ఒక నవ్వు నాకు పరిచితమైన కంఠం నుండి, అపరిచితంగా వినబడింది. ఇంట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వే మనిషి అక్కడ గొంతెత్తి నవ్వుతున్నది.

కిరీటాన్ని చుట్టకుదురు చేయడం. అది ఏ అలంకారమో చెప్పగలిగాను, అలాంటిది ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియలేదు. గొర్రెల వెంట తిరిగిన ఆ ముసలిదానికి తెలిసింది. ఎండ నా మీద, నీడ ఆమె మీద పడడం కూడా ఆ క్షణాన అన్యాయంగా తోచింది. మాటల్లో శుద్ధి లేదనీ, కథకు ఆధారగ్రంథం లేదనీ నన్ను నేను ఓదార్చుకొంటూండగా నా భార్య గొంతు మళ్లీ వినబడింది.

"యాడా నీళ్లు దొరకల్యా గదా అవ్వా. కడవ వట్టిదే. మరి అంత దూరం దాన్నెందుకు మోస్తాది? పారేసి పోవచ్చు గదా?"

కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగింది.

"అది నాకూ తెలీదమ్మీ ఇంగా. రేపు చెప్తా."

నేను పత్రిక మడిచి ఇంటికి వచ్చాను. నా భార్య ప్రశ్న అడిగింది. అదీ ఎంత మంచి ప్రశ్న! ముప్పై ఏళ్లు తరగతిలో నిలబడి, "ఏమైనా సందేహాలున్నాయా" అని అడిగిన నాకు అటువంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు. నాకు తెలియదని ఒకసారి కూడా అనని నాకు, తెలియదన్న ఆ ముసలిదాని మీద కలిగిన ఈర్ష్య ఇంతా అంతా కాదు. నా అరుగు మీద పుట్టవలసిన ప్రశ్న మరొకరి అరుగు మీద పుట్టింది.

నా ఈర్ష్యకు సాయంగా ఒక అవకాశం మరునాటి ఉదయమే వచ్చింది. జనం ఎక్కువై వెనుక అరుగు బండలు కదిలాయి. వాటిని తిరిగి పరిపించాలని సర్పంచి మేస్త్రిని వెంటబెట్టుకొని పోతూ మా ఇంటి ముందు ఆగాడు. ఇద్దరూ ఒకప్పుడు నా దగ్గర చదివినవారే. ఊరిలో చిన్న కట్టుబడి మొదలుపెట్టినా నా చేత ఒక మాట అనిపించుకోవడం వారి మర్యాద. నేను వారితో షెల్టరు దాకా వెళ్లాను. ఆడవారు వచ్చే వేళ ఇంకా కాలేదు. నిన్నటి పొట్టు బండల కింద రాలి ఉంది.

"చెప్పండి అయ్యోరా. సిమెంటేసి గట్టిగా పరిపిస్తాము. ఇంగేమన్నా చేయల్లనా?" అన్నాడు సర్పంచి.

"వాలు పెట్టించు. వెనుక కప్పు లేదు గదా. వాన నీరు బండ మీద నిలిచి గోడలోకి దిగితే పునాది కుంగుతుంది" అన్నాను.

మేస్త్రి నన్ను చూశాడు, ఆకాశం చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"వానా, అయ్యోరా?"

సర్పంచి అతడి మీద విరుచుకుపడ్డాడు. "ఏమిరా ఆ సాగదీసేది? ఇత్తనం ఒలిచే తావులో నిలబడుకోని వాన మాటకి అడ్డం పలుకుతావా? అయ్యోరి నోటెంబడి వాన మాట వచ్చింది, అదే పదివేలు. చెప్పినట్ల చెయ్."

"నేను కాదన్ల్యాన్నా. ఎంత వాలని అడుగుతాండా. రెండు వేళ్లు చాలు గదా అయ్యోరా?"

"నాలుగు వేళ్లు పెట్టు."

"నాలుగేళ్లా! నీళ్లతో పాటు మనుసులు గూడా పోతారు."

"పెద్ద వాన వచ్చినప్పుడు?" అన్నాను.

పెద్ద వాన అనగానే సర్పంచి రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకొన్నాడు. ఇక దానికి అప్పీలు లేదు. "బండలు నున్నగా సానబట్టించు, నీరు ఎక్కడా తట్టుకోకూడదు" అని కూడా నేనే చేర్చాను. నేను చెప్పినదానిలో ఒక్క అబద్ధం లేదు. కప్పు లేదు, నీరు నిలుస్తుంది, పునాది తడుస్తుంది, అన్నీ నిజాలే. వాన ఒక్కటే లేదు. ఆ మాట అనగల మనిషి మా ఊరిలోనే కాదు, తనకల్లు నుండి గుంతకల్లు దాకా ఆ వేసవిలో దొరకడని నాకు తెలుసు. ఏళ్లుగా ఎండుతున్న జనం ఆశను నేను రసమట్టంలా వాడుకొన్నాను.

సిమెంటు ఆరిన తరువాత నా భార్య చేటతో వెళ్లి గడియ తిరగకముందే వచ్చేసింది. మోకాలు పట్టుకొని మంచం మీద కూర్చుంది.

"కూసుంటే జారతాండాది. కాళ్లు బిగబట్టి కూసోల్లంటే మోకాళ్లు పీకతాండాయి."

"అయ్యో, అలాగా" అన్నాను. నా నోట ఆ అయ్యో ఎంత సహజంగా వచ్చిందో తలచుకొంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది.

ఆ దినం నుండి ఆమె ఇంట్లోనే ఒలిచింది. మధ్యాహ్నపు వేళ నేను ఎదురుగా కుర్చీ వేసుకొని పురాణం తెరిచాను. పద్యం చదివాను, అన్వయం చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది. ఆ ఊఁ కొట్టడంలో మనసు లేదని నాకు వెంటనే తెలిసింది. విత్తనంలో పుచ్చిన కాయ చేతికి తగిలితే నొక్కకుండానే తెలిసినట్లు తెలిసింది. ఒకనాడు ఒక ఘట్టం మధ్యలో ఆపి, "ఇక్కడ నీకేమైనా అనుమానం వచ్చిందా?" అని అడిగాను.

"ల్యా. అంతా తెలుస్తానే ఉండాది."

నేను గెలిచాను. నా శ్రోత నా ఎదుట ఉన్నది, కదలకుండా. అంతకంటె నిర్జనమైన సభలో నేనెన్నడూ చదవలేదు.

ఆ తరువాతి ఏళ్లలో పెద్ద ఊళ్లకు పోయినప్పుడు కొన్ని కూర్చొనే చోట్లు చూశాను. బెంచీ మీద మనిషి నడుము వాల్చకుండా నడుమ నడుమ ఇనుప కడ్డీలు. అంగళ్ల ముందు మెట్ల మీద ఎవరూ కూలబడకుండా నాటిన మొనరాళ్లు. చూసినవారు అది అందం కోసమనో, శుభ్రత కోసమనో అనుకొంటారు. నేను మాత్రం ఆ కడ్డీని వేలితో తాకి, దీని వెనుక కూడా నాబోటివాడొకడు ఉండి ఉంటాడనుకొనేవాణ్ణి. ఏ చెట్టూ లేనిచోట ఒకడు హాయిగా కునుకు తీస్తే చూసి ఓర్వలేనివాడు, ఓర్వలేనని చెప్పుకోలేక ఏ శుభ్రతనో ఏ వాననో సాక్ష్యం తెచ్చుకొనేవాడు.

బండ వాల్చిన తరువాత మూడు వారాలు గడిచాయి. వెనుక అరుగు బోసిపోయి ఉంటుందని నా ఊహ. దాన్ని కళ్లారా చూసి తృప్తిపడదామనే, దాచనక్కరలేదు, ఒక మధ్యాహ్నం షెల్టరు చుట్టి వెనక్కు వెళ్లాను.

అరుగు నిండా ఆడవారు. ఎవరూ జారడం లేదు. ఒక్కొక్కరి కింద ఒక్కొక్క గోనెసంచి. ఒలిచిన కాయల పొట్టును వాటిలో కూరి, ముందువైపు లావుగా, గోడవైపు పలుచగా వచ్చేటట్లు కుట్టారు. నా నాలుగు వేళ్ల వాలును పొట్టుతో సరిగ్గా పూడ్చారు. మునుపటి బండకంటె మెత్తగా, ఎత్తుగా, సుఖంగా కూర్చున్నారు.

అవ్వ నన్ను చూసి ఒలవడం ఆపకుండానే పలకరించింది.

"రాండి అయ్యోరా, రాండి. మీ వాన పుణ్యాన మాకు పరుపులొచ్చినాయి. మునుపు రాతి మీద కూసోని నడుములు పడిపోయేటివి."

పక్కనున్నామె అందుకొంది. "ఇంగొగ రెండు వేళ్లు వాలు పెట్టించింటే దిండ్లు గూడా కుట్టుకోనిందుము!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ద్వేషం లేదు. ద్వేషం ఉంటే నాకు తేలికగా ఉండేది. నాకు కనబడినది వేరొకటి. అరుగు చివర ఒక సంచి ఖాళీగా ఉంది. మిగిలినవాటికంటె కొంచెం ఎత్తుగా కుట్టారు, మోకాళ్లు బాగులేనివారికి లేవడం సులువు కావాలని.

"అది ఎవరిది?"

"మీ ఇంటామెదే. కుట్టి పదైదు దినాలాయ. రమ్మంటే రాదు. ఆ రాణి కత గూడా ఆడికే ఆపేసినా. ఆమె అడిగింది గదా, కడవెందుకు మోస్తాదని. జవాబు తెలిసింది నాకు. అడిగినామె లేకుండా ఎట్ల చెప్పేది? వీండ్లు చెప్పు చెప్పు అని పీకతాండారు. నేను చెప్పను."

"ఎందుకు రాదు?"

అవ్వ మొదటిసారి చేతిలోని కాయను చేటలో పడవేసి నన్ను చూసింది.

"అది మీరే అడగల్ల. మేస్త్రి ఆమెకు చిన్నాయన కొడుకు గదా, ఏమన్నా చెప్పినాడేమో మాకేం తెలుసు?"

నేను ఇంటికి నడిచిన ఆ కొంచెం దూరం నాకు చాలా పొడుగైంది. నా భార్య మంచం మీద చేట ముందు పెట్టుకొని ఉంది. నేను కుర్చీలో కూర్చొని పుస్తకం తెరిచాను. పద్యం ఎత్తుకోబోతుండగా ఆమె తల ఎత్తకుండా అడిగింది.

"అయ్యోరా, ఆ బండ ఎందుకు వాల్పిచ్చినారు?"

నలభై ఏళ్లు నేను ఎదురుచూసిన ప్రశ్న వచ్చింది. ఆమె నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న. అడిగిన తరువాత వేలు కదపడం ఆపి, అవ్వ కోసం ఆగినట్లే నా కోసం ఆగింది. వాన, కప్పు, పునాది అని నా దగ్గర తయారుగా ఉన్న వ్యాఖ్యానమంతా నాలుక చివరకు వచ్చింది. ఆమె ముఖం చూశాను. ఆమెకు వాన సంగతి అవసరం లేదు.

"ఓర్వలేక" అన్నాను.

"ఎవుర్ని? అవ్వనా, నన్నా?"

ఇది రెండో ప్రశ్న.

"అది నాకూ తెలియదు ఇంకా" అన్నాను.

ఆమె చేటలోని పప్పును పక్కకు దులిపి, "మూడు వారాలు మీ ముందర కూసోబెట్టుకోని పద్యాలు చదివినారే! నేను పోకుండా కూసున్నది మోకాళ్లకనుకున్యారా? మీరు ఎప్పుడు చెప్తారా అని చూస్తాంటి" అంది. కోపంతో అనలేదు. కాయ ఒలిచి పొట్టు పారవేసినట్లు అంది. ఆ తరువాత, "రేపట్నుంచి వాండ్లు నాకు కుట్టిన ఆ సంచి మీరే మోసుకోని రావల్ల. ఆడ పెట్టి వస్తే కుక్కలు లాగతాండాయంట. నేను చేట మోస్తా, మీరు సంచి మోయండి" అని తీర్మానం చేసింది.

ఆ సాయంకాలమే వెళ్లి సంచిని ఇంటికి తెచ్చిపెట్టాను. మరునాడు మధ్యాహ్నం ఎండలో, ఊరి నడివీధిలో, చంకన పొట్టు సంచితో నేను నా భార్య వెనుక నడిచాను. టీ అంగడి దగ్గర ఉన్నవారు లేచి నమస్కరించి, తరువాత సంచి చూశారు. నేను అరుగు చివర దాన్ని సరిచేసి పెట్టాను. ఆమె కూర్చుంది. మగవాణ్ణి, అక్కడ నిలవరాదు. సాయంకాలం సంచి తిరిగి మోయాలి గనుక పోనూరాదు. ముందుభాగానికి వచ్చి ఎండ బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి పత్రిక తెచ్చుకోలేదు.

"ఆ, వచ్చినావా అమ్మీ!" అంది అవతల అవ్వ. "నీ మాట నీకే దాచిపెట్టినా. విను. కడవ వట్టిదే. అయినా ఎందుకు మోస్తాదంటే, నెత్తిన కడవ ఉంటే ఎవురూ ఆపరు. నీళ్లకు పోతాండాది పాపం అని దారి ఇస్తారు. కడవ పారేసి చేతులూపుకుంటా పోతే ప్రెతివాడూ అడుగుతాడు, యాడికి, ఎందుకు, ఎవురితో అని. అందుకే మోస్తాది."

అటువైపు నవ్వు లేదు. ఎవరో ఒకామె నిట్టూర్చింది. నాకు మా ఇంటి గుమ్మం గుర్తుకు వచ్చింది. చేట చంకన పెట్టుకొని ఆమె బయలుదేరినప్పుడు మంచిదే అన్నాను. ఉత్తచేతులతో బయలుదేరి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు.

కొంతసేపటికి నా భార్య గొంతు కావలసినదానికంటె కొంచెం పెద్దగా వినబడింది.

"అది సరే అవ్వా. రాణి అట్ల పాయ. రాజు ఏం చేస్తాండె అంతసేపూ?"

"రాజుల సంగతి నాకేం ఎరుక? గోడకవతల అయ్యోరు ఎండలో ఎండుతాండారు గదా, ఆయన్నడుగు."

"ఆయన చెప్పేతలికి బస్సు పోతాదవ్వా!"

గోడంతా నవ్వింది. నాకు ఒక శ్లోకమూ రాలేదు, ఒక పద్యమూ రాలేదు. బెంచీ మీద నుండి లేచి, కంత దగ్గర నోరు పెట్టి, మా నాయన మాట్లాడిన మాటలో చెప్పాను.

"కోట గోడకు చెవి పెట్టి ఇంటాండె. కడవ సప్పుడు యాడన్నా ఇనపడతాదేమోనని."

అవతల అవ్వ, "అట్లనా" అంది. అంతే. మళ్లీ కాయలు పగిలే చప్పుడు మొదలైంది. ఇంటికి వచ్చేదారిలో నా భార్య సంచి ఒకవైపు తాను కూడా పట్టుకొంది.

ఆ కథను అవ్వ తరువాతి వారం మళ్లీ మొదటినుండి చెప్పింది. నేను ఎండలో కూర్చొని విన్నాను. నా మాట వచ్చేచోటికి రాగానే బెంచీ మీద నుండి సగం లేచాను. ఆమె దాన్ని అట్లే చెప్పలేదు. రాజు గోడకు చెవి పెట్టినాడట. రాతి ఎండకు చెవి కాలినాదట. ఆ చెవి మార్చి ఈ చెవి పెట్టినాడట. అట్లా ఏడు కోటల చుట్టూ చెవులు మార్చుకొంటూ తిరిగినాడట. అవతల నవ్వుకు రేకులు అదిరాయి. అందరికంటె గట్టిగా నవ్విన గొంతు ఎవరిదో నాకు తెలుసు.

మాట నాది. నవ్వు మాత్రం అవ్వకు దక్కింది. కండక్టరు తలుపు పట్టుకొని, "ఎక్కుతారా అయ్యోరా?" అంటున్నాడు. నేను చెయ్యి ఊపి పొమ్మన్నాను. చల్లని ఆ గోడ నీడ మీద, ఆ ముసలిదాని నాలుక మీద, నా కడుపు ఇంకా మండుతూనే ఉంది. అయినా కథ ఆ తరువాత ఏమవుతుందో వినాలి.